మేడ్చల్ కౌంటర్ మీద కొరియా ధర

హైదరాబాద్‌కు ఉత్తరాన నగరం రెండు రోడ్ల వెంట సాగిపోతుంది. సుచిత్ర, కొంపల్లి దాటి నాగ్‌పూర్ వైపు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి మీద మేడ్చల్ ఉంది. అల్వాల్, హకీంపేట దాటి కరీంనగర్ వైపు వెళ్లే రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట ఉంది. పాతికేళ్ల కిందటిదాకా ఇక్కడ చెరువులు, ద్రాక్షతోటలు, కోళ్ల ఫారాలే ఎక్కువ. ఇప్పుడు శామీర్‌పేటలో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. జవహర్‌నగర్ పక్కన 2008లో మొదలైన బిట్స్ పిలానీ క్యాంపస్, తుర్కపల్లిలో మందుల కంపెనీల జీనోమ్ వ్యాలీ ఉన్నాయి. కండ్లకోయ, మైసమ్మగూడల్లో ఇంజినీరింగ్ కాలేజీలు వరుస కట్టాయి. 2015లో ఫ్లిప్‌కార్ట్ తన పెద్ద గిడ్డంగి ఒకటి గుండ్లపోచంపల్లిలో తెరిచింది.

ఇన్ని కాలేజీలు, ఇన్ని కంపెనీలు, ఇన్ని హాస్టళ్లు ఉన్నచోట ఫోన్లకూ ల్యాప్‌టాప్‌లకూ గిరాకీ తగ్గదు. ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ ముగిసే ఆగస్టులో ల్యాప్‌టాప్‌ల సీజన్, దసరా దీపావళికి టీవీల సీజన్. ఏ సీజన్‌లోనైనా కొనేవాళ్లందరికీ ఒక నమ్మకం ఉండేది. కొంత ఆగితే ధర తగ్గుతుంది. బియ్యం, సిమెంటు, బస్సు చార్జీలు పెరుగుతాయి కానీ ఎలక్ట్రానిక్స్ ఏటికేడు చవకవుతాయి. ముప్ఫై ఏళ్ల అనుభవం నేర్పిన లెక్క ఇది.

2025 చివరి మూడు నెలల్లో ఆ లెక్క తప్పింది. నవంబరు నాటికి ఒప్పో, వివో, శాంసంగ్ వంటి కంపెనీలు అప్పటికే మార్కెట్లో ఉన్న కొన్ని మోడళ్ల ధరలు పెంచాయి. పెంపు 500 నుంచి 2,000 రూపాయల దాకా ఉందని దుకాణదారుల సంఘం చెప్పింది. విడుదలైన కొన్ని నెలలకు దిగిరావాల్సిన ఫోన్ ధర పైకి ఎక్కడం మన మార్కెట్లో అరుదు. డిసెంబరు వచ్చేసరికి టీవీ కంపెనీలు కూడా జనవరి నుంచి ధరలు పెంచక తప్పదన్నాయి. అందరూ చూపించిన కారణం ఒకటే: మెమరీ చిప్పులు దొరకడం లేదు, దొరికినా అందుబాటు ధరలో లేవు.

గోరంత ముక్కలో వేల కోట్ల గదులు

ఫోన్ కొనేటప్పుడు దుకాణంలో చెప్పే ‘8 ప్లస్ 128’లో రెండు రకాల మెమరీలున్నాయి. మొదటి అంకె ర్యామ్. యాప్ నడుస్తున్నంతసేపూ దాని సమాచారం ఉండే చోటు అది, కరెంటు పోతే ఖాళీ అవుతుంది. రెండో అంకె స్టోరేజీ. ఫొటోలు, వీడియోలు, యాప్‌లు దాచుకునే చోటు. ఫోన్ ఆపినా అందులో ఉన్నవి చెరిగిపోవు. ర్యామ్‌లో వాడేది డీర్యామ్ అనే చిప్, స్టోరేజీలో వాడేది ఫ్లాష్ చిప్. రెంటినీ తయారు చేసే పెద్ద కంపెనీలు చాలావరకు ఒకటే కాబట్టి ఒకదానికి కొరత వస్తే రెండోదానికీ సెగ తగులుతుంది.

డీర్యామ్ నిర్మాణం వినడానికి సులువు. ఒక ట్రాన్సిస్టరు, ఒక కెపాసిటరు కలిస్తే ఒక గది. కెపాసిటరులో విద్యుదావేశం ఉంటే ఒకటి, లేకుంటే సున్నా. 1960లలో ఐబీఎం ఇంజినీరు రాబర్ట్ డెనార్డ్‌కు వచ్చిన ఆలోచన ఇది, 1968లో దీనికి పేటెంటు దక్కింది. ఇబ్బంది ఏమిటంటే ఆ గదిలోని ఆవేశం నిలవదు, కారిపోతుంటుంది. అందుకే ప్రతి గదినీ సెకనుకు పదిహేనుసార్లకు పైగా మళ్లీ నింపుతుండాలి. 8 జీబీ ర్యామ్‌లో ఇలాంటి గదులు దాదాపు 6,870 కోట్లు. వాటిని దోషం లేకుండా చెక్కడానికి కావలసిన కర్మాగారం కట్టాలంటే వేల కోట్ల డాలర్లు పెట్టాలి, ఏళ్ల తరబడి ఆగాలి.

ఆ స్తోమత ఉన్నవాళ్లు ప్రపంచంలో ఎంతమందో లేరు. దక్షిణ కొరియాకు చెందిన శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, అమెరికా కంపెనీ మైక్రాన్ కలిసి ప్రపంచ డీర్యామ్‌లో 90 శాతానికి పైగా అమ్ముతున్నాయి. చైనాలో సీఎక్స్‌ఎంటీ, తైవాన్‌లో నాన్యా వంటివి మిగతా వాటా పంచుకుంటాయి. శామీర్‌పేట విద్యార్థి కొనే ల్యాప్‌టాప్ మీద ఏ బ్రాండ్ పేరున్నా లోపలి ర్యామ్ దాదాపుగా ఈ మూడింటిలో ఒకదాని దగ్గరినుంచి వచ్చిందే.

తోటలు ప్లాట్లయినట్టు

మెమరీ చిప్పులు కూడా గుండ్రటి సిలికాన్ పలక మీదే పండుతాయి. దాన్ని వేఫర్ అంటారు. ఒక కర్మాగారం నెలకు ఇన్ని వేఫర్లని ముందే తేలిపోతుంది, అప్పటికప్పుడు పెంచడం కుదరదు. ఆ వేఫర్ మీద ఫోన్ ర్యామ్ చేయాలా, ల్యాప్‌టాప్ ర్యామ్ చేయాలా, కృత్రిమ మేధ (ఏఐ) సర్వర్లకు కావలసిన ప్రత్యేక మెమరీ చేయాలా అన్నది కంపెనీ ఇష్టం.

ఆ ప్రత్యేక మెమరీ పేరు హెచ్‌బీఎం. డీర్యామ్ పొరలను ఒకదాని మీద ఒకటి అంతస్తులుగా పేర్చి, నిలువునా సన్నటి తీగలు దించి చేస్తారు. ఎన్‌విడియా అమ్మే ఏఐ ప్రాసెసర్ల పక్కనే దీన్ని అతికిస్తారు. చాట్‌బాట్‌లు నడవాలంటే క్షణంలో కుప్పలకొద్దీ సమాచారం ప్రాసెసర్‌కు అందాలి, మామూలు ర్యామ్‌కు అంత వేగం లేదు. అయితే ఒక జీబీ హెచ్‌బీఎం చేయడానికి మామూలు డీడీఆర్5 ర్యామ్‌తో పోలిస్తే సుమారు మూడు రెట్లు వేఫర్ ఖర్చవుతుందని మైక్రాన్ కంపెనీయే చెప్పింది. అంటే ఏఐ సర్వర్‌లోకి వెళ్లే ప్రతి జీబీ హెచ్‌బీఎంకూ ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల వాటాలోంచి మూడు జీబీలు తగ్గుతున్నాయి.

మేడ్చల్, శామీర్‌పేట, కీసర వాసులకు ఇది అర్థం కాని సంగతి కాదు. ఒకప్పుడు ఇక్కడి ద్రాక్షకు పేరుండేది. ఎకరం తోట మీద వచ్చేదానికన్నా అదే ఎకరాన్ని గజాల లెక్కన అమ్మితే ఎన్నో రెట్లు వస్తుందని తేలాక తోటలు వెంచర్లయ్యాయి. ద్రాక్ష తినేవాళ్లు తగ్గలేదు, ద్రాక్ష పండే నేల తగ్గింది. మెమరీ కంపెనీలు చేసింది కూడా అదే బేరం.

2025 అక్టోబరు 1న ఈ బేరం ఎంత పెద్దదో లోకానికి తెలిసింది. చాట్‌జీపీటీని తయారు చేసిన ఓపెన్ఏఐ తన డేటా సెంటర్ల ప్రాజెక్టు స్టార్‌గేట్ కోసం శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్‌లతో ఉద్దేశ పత్రాలు రాసుకుంది. నెలకు 9 లక్షల వేఫర్ల దాకా డీర్యామ్ కావాలన్నది అందులోని లక్ష్యం. ప్రపంచంలో తయారయ్యే డీర్యామ్ మొత్తంలో ఇది 40 శాతం దాకా ఉంటుందని పరిశ్రమ లెక్కగట్టింది. అది గట్టి ఆర్డరు కాదు, ఉద్దేశం మాత్రమే. కానీ మార్కెట్‌కు ఆ మాట చాలింది. అదే నెల చివర్లో ఎస్‌కే హైనిక్స్ తన 2026 ఉత్పత్తికి కొనుగోలుదారులు దాదాపుగా కుదిరిపోయారని ప్రకటించింది.

తర్వాత ధరలు ఆగలేదు. సర్వర్లలో వాడే 32 జీబీ డీడీఆర్5 మాడ్యూల్‌కు సెప్టెంబరులో 149 డాలర్లు తీసుకున్న శాంసంగ్ నవంబరులో 239 డాలర్లు అడిగిందని రాయిటర్స్ రాసింది. రెండు నెలల్లో 60 శాతం పెంపు. టోక్యోలోని అకిహబారా మార్కెట్లో కొన్ని దుకాణాలు మనిషికి ఇన్నే ర్యామ్‌లని పరిమితి పెట్టాయి. డిసెంబరు 3న మైక్రాన్ ఇంకో అడుగు ముందుకేసింది. 29 ఏళ్లుగా మామూలు వినియోగదారులకు ర్యామ్‌లు, స్టోరేజీకి వాడే ఎస్ఎస్‌డీలు అమ్మిన తన క్రూషియల్ బ్రాండ్ వ్యాపారాన్ని మూసేస్తున్నట్టు చెప్పింది. 2026 ఫిబ్రవరి దాకానే సరఫరా, ఆపైన పెద్ద కొనుగోలుదారులకే ప్రాధాన్యం. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గరి చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, అంటే అందరూ సీటీసీ అని పిలిచే కంప్యూటర్ మార్కెట్లో, ఏళ్లుగా అందరికీ తెలిసిన పేరు క్రూషియల్.

ఎందుకు ముగ్గురే?

దీనికి మూలం మెమరీ వ్యాపారం తీరులోనే ఉంది. ఏ కంపెనీ చేసినా ర్యామ్ దాదాపు ఒకటే కాబట్టి ధర ఒక్కటే తేడా. లాభాలు వచ్చినప్పుడు అందరూ కర్మాగారాలు కడతారు, అన్నీ ఒకేసారి పనిలోకి దిగేసరికి సరుకు పోటెత్తి ధర కూలుతుంది. బలహీనులు మునిగిపోతారు. జర్మనీకి చెందిన కిమోండా 2009లో, జపాన్‌కు చెందిన ఎల్పిడా 2012లో దివాలా తీశాయి. ఎల్పిడాను 2013లో మైక్రాన్ కొనేసింది. అలా ఒక్కొక్కరే రాలిపోగా ముగ్గురు మిగిలారు.

2023 కూడా అలాంటి కరువు సంవత్సరమే. కోవిడ్ కాలంలో అందరూ ల్యాప్‌టాప్‌లు కొనేశారు, తర్వాత గిరాకీ పడిపోయింది. శాంసంగ్ చిప్ విభాగం ఆ ఏడాది దాదాపు 15 లక్షల కోట్ల వాన్‌ల నష్టం చూసింది. మైక్రాన్‌కు 580 కోట్ల డాలర్లు పోయాయి. దెబ్బ తిన్న కంపెనీలు ఉత్పత్తి తగ్గించాయి, కొత్త కర్మాగారాల మీద ఖర్చు ఆపాయి. సరిగ్గా అప్పుడే ఏఐ గిరాకీ తలుపు తట్టింది. ఇప్పటి కొరతలో కొంత నాటి కోతల ఫలితం. 2025 నవంబరుతో ముగిసిన మూడు నెలల్లో మైక్రాన్ 1,364 కోట్ల డాలర్ల అమ్మకాలతో రికార్డు సృష్టించింది.

మెమరీ ధరలు ఇలా ఎగబాకడం ఇదే మొదటిసారి కాదు. 1993 జులైలో జపాన్‌లోని నీహమాలో సుమిటోమో కెమికల్ కర్మాగారం పేలిపోయింది. అక్కడ తయారయ్యేది చిప్పు కాదు, చిప్పు పైన కప్పే రెజిన్. ప్రపంచానికి కావలసిన ఆ రెజిన్‌లో సగానికి పైగా అక్కడినుంచే రావడంతో డీర్యామ్ ధర కొన్ని వారాల్లోనే దాదాపు రెట్టింపయింది. 2011లో థాయిలాండ్ వరదలకు హార్డ్‌డిస్క్ ఫ్యాక్టరీలు మునిగి, వాటి ధర రెట్టింపయింది. 2013 సెప్టెంబరులో చైనాలోని వూషీలో హైనిక్స్ ప్లాంటు అంటుకుంటే మళ్లీ ర్యామ్ ధర ఎగిసింది. ఆ మూడూ ప్రమాదాలు, మరమ్మతులు కాగానే సరుకు వచ్చింది.

ప్రమాదం కాని కథ కూడా ఒకటుంది. 1999 నుంచి 2002 మధ్య కొన్ని మెమరీ కంపెనీలు కుమ్మక్కై ధరలు నిర్ణయించాయని అమెరికా ప్రభుత్వం తేల్చింది. 2005లో శాంసంగ్ 30 కోట్ల డాలర్లు, హైనిక్స్ 18.5 కోట్ల డాలర్ల జరిమానాకు ఒప్పుకున్నాయి. ఈసారి పెంపునకు కుమ్మక్కు అవసరం లేకపోయింది. కొనేవాళ్లే ముందే డబ్బు పట్టుకుని క్యూ కట్టారు.

మన దగ్గర ఏముంది, ఏం లేదు

‘ఇక్కడే తయారు చేసుకుంటే బాధ ఉండదు కదా’ అనిపించడం సహజం. మేడ్చల్–మల్కాజ్‌గిరి జిల్లా చరిత్ర ఈ ప్రశ్నకు జవాబు ఇస్తుంది.

ఈ జిల్లాలోనే, కుషాయిగూడ పక్కన, 1967లో ఈసీఐఎల్ పుట్టింది. దాన్ని నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావు పేరే ఏఎస్ రావు నగర్‌కు పెట్టారు. ఈసీఐఎల్ చేసిన ఈసీ టీవీ ఇంట్లో ఉన్న తరం ఇంకా మన మధ్యే ఉంది. 1969లో భాభా అణు పరిశోధన కేంద్రం కృషితో వచ్చిన టీడీసీ–12 కంప్యూటరును ఈసీఐఎల్ తయారు చేసింది. గింజలంత అయస్కాంత వలయాలను తీగల్లో గుచ్చి చేసిన దాని మెమరీ మన లెక్కలో 6 కేబీ. ఇప్పుడు వాట్సాప్‌లో పంపే ఒక ‘శుభోదయం’ బొమ్మ కూడా అందులో పట్టదు. అయినా ఆ రోజుల్లో ఆ పని ఇక్కడ జరిగింది.

తర్వాత లోకం సిలికాన్ చిప్పు వైపు వెళ్లింది, మనం వెనకబడ్డాం. 2006లో వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వ కాలంలో హైదరాబాద్ దక్షిణాన రావిర్యాల వైపు ఫ్యాబ్ సిటీ కట్టాలనుకున్నారు. సెమ్ఇండియా అనే సంస్థ ఏఎండీ సాంకేతికతతో 300 కోట్ల డాలర్ల చిప్పుల కర్మాగారం పెడుతుందని ఒప్పందం కుదిరింది. భూమి కేటాయించారు, ఆశలు పెరిగాయి, కర్మాగారం రాలేదు. ఆ నేల మీదే తర్వాత ఎలక్ట్రానిక్స్ పరిశ్రమల ఈ–సిటీ వెలిసింది. రేడియంట్ అప్లయన్సెస్ అక్కడ చాలా బ్రాండ్లకు టీవీలు చేసి ఇస్తోంది.

మేడ్చల్‌కూ ఒక అధ్యాయం ఉంది. హైదరాబాద్‌కు చెందిన సెల్‌కాన్ తన ఫోన్ల తయారీ యూనిట్‌ను 2015లో మేడ్చల్‌లో ప్రారంభించింది. అదే ఏడాది షావోమీ తన తొలి ‘మేడ్ ఇన్ ఇండియా’ ఫోన్ రెడ్‌మీ 2 ప్రైమ్‌ను విశాఖపట్నంలో విడుదల చేసింది, అది శ్రీసిటీలోని ఫాక్స్‌కాన్ ప్లాంటులో తయారైంది. ఉద్యోగాలొచ్చాయి, పెట్టె మీద మన ఊరి పేరు పడింది. కానీ మెమరీ, ప్రాసెసరు, తెర దిగుమతి సరుకే. బిగింపు ఎక్కడ జరిగినా చిప్పు ధర కొరియా నుంచే రావాలి.

2019లో మైక్రాన్ హైదరాబాద్‌లో తన డెవలప్‌మెంట్ కేంద్రం తెరిచింది. మెమరీ చిప్పుల డిజైన్ మీద పనిచేసే ఇంజినీర్లలో తెలుగువాళ్లు ఎందరో. కండ్లకోయ కాలేజీల్లో, బిట్స్‌లో ఎలక్ట్రానిక్స్ చదివే పిల్లలు ఆ ఉద్యోగాల కోసమే చూస్తారు. గుజరాత్‌లోని సాణంద్‌లో ఆ కంపెనీ పెట్టిన ప్లాంటుకు 2023లో పునాది పడింది. ప్రభుత్వాల సాయంతో కలిపి మొత్తం పెట్టుబడి 275 కోట్ల డాలర్లు. అయితే సాణంద్‌లో వేఫర్ చెక్కరు. చెక్కి తెచ్చిన వేఫర్‌ను కోసి, పరీక్షించి, పైన తొడుగు వేస్తారు. అది కూడా చిన్న పని కాదు, కానీ కొరత తీర్చే పని కాదు. బుర్ర మన దగ్గర ఉంది, కొలిమి లేదు.

ఇంకో వైపు, మెమరీని తినే డేటా సెంటర్లు మాత్రం తెలుగు నేల మీదకు వేగంగా వస్తున్నాయి. అమెజాన్ తన హైదరాబాద్ క్లౌడ్ రీజియన్‌ను 2022 నవంబరులో మొదలుపెట్టింది. మైక్రోసాఫ్ట్ కూడా నగరం చుట్టూ స్థలాలు తీసుకుంది. 2025 అక్టోబరు 14న గూగుల్ విశాఖపట్నంలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ కేంద్రం కడతానని ప్రకటించింది. విశాఖకు పెట్టుబడి, మేడ్చల్ దుకాణంలో పెరిగిన ధర, ఈ రెండూ ఒకే గిరాకీ పిల్లలు. మొదటిది పత్రికల మొదటి పేజీలో వస్తుంది, రెండోది బిల్లులో వస్తుంది.

భారం ఎవరి మీద

మెమరీ ధర పెరిగితే అందరికీ ఒకేలా తగలదు. లక్ష రూపాయల ఫోన్‌లో ఖరీదైన తెర, కెమెరాలు, ప్రాసెసరు, బ్రాండ్ లాభం అన్నీ ఉంటాయి. వాటి పక్కన మెమరీ ఖర్చు చిన్నది. పది, పన్నెండు వేల ఫోన్‌లో లాభమే సన్నం, మొత్తం ఖర్చులో మెమరీది పెద్ద వాటా. కౌంటర్‌పాయింట్ రీసెర్చ్ సంస్థ 2025 డిసెంబరులో ఇచ్చిన లెక్క ప్రకారం 200 డాలర్లలోపు ఫోన్లలో విడిభాగాల ఖర్చు ఏడాది ఆరంభంతో పోలిస్తే 20 నుంచి 30 శాతం పెరిగింది. పై తరగతి ఫోన్లలో పెంపు 10 నుంచి 15 శాతమే. మేడ్చల్ పారిశ్రామికవాడలో షిఫ్టు చేసే కార్మికుడు, గిడ్డంగిలో ప్యాకింగ్ చేసే యువతి, డెలివరీ బండి నడిపే కుర్రాడు కొనేది ఈ మొదటి రకమే. డెలివరీ కుర్రాడికి ఆ ఫోనే పని ముట్టు.

ఇదే సమయంలో రూపాయి బలహీనపడింది. 2025 డిసెంబరు మొదటి వారంలో డాలరు విలువ తొలిసారి 90 రూపాయలు దాటింది. చిప్పు డాలర్లలో కొనాలి, ఫోన్ రూపాయల్లో అమ్మాలి. కొరత ఒక దెబ్బ, మారకం ఇంకో దెబ్బ.

టీవీల కథలో మెలిక ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలకు మించిన టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. దసరాకు కొన్నవాళ్లు ఆ తగ్గింపు అందుకున్నారు. స్మార్ట్ టీవీలోనూ ర్యామ్, ఫ్లాష్ ఉంటాయి కాబట్టి మూడు నెలలు తిరక్కముందే కంపెనీలు పెంపు మాట ఎత్తాయి. సర్కారు వదులుకున్న పన్నులో కొంత ఇలా మెమరీ కంపెనీల ఖాతాకు చేరుతోంది. ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల మీద పన్నులో మార్పే లేదు. ఫోన్ల మీద జీఎస్టీ 2020 ఏప్రిల్‌లో 12 నుంచి 18 శాతానికి పెరిగింది, అక్కడే ఉంది.

ల్యాప్‌టాప్‌లకు గిరాకీ పెంచిన కారణం మరొకటి. 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ విండోస్ 10కు మామూలు మద్దతు ఆపేసింది. పాత యంత్రాలు మార్చాలనుకున్న ఆఫీసులు, కాలేజీలు సరిగ్గా కొరత మొదలైన నెలల్లోనే మార్కెట్లోకి వచ్చాయి. పైగా ల్యాప్‌టాప్‌లోనే ఏఐ పనులు చేసే కొత్త తరగతి యంత్రాలకు మైక్రోసాఫ్ట్ పెట్టిన కనీస ర్యామ్ 16 జీబీ. ఇంజినీరింగ్ విద్యార్థులు ప్రాజెక్టులకు వాడే అరచేతి కంప్యూటర్ రాస్ప్‌బెర్రీ పై కూడా తప్పించుకోలేదు. 16 జీబీ రకం ధర డిసెంబరులో 120 నుంచి 145 డాలర్లకు పెరిగింది. చవకగా కావాలనేవారి కోసమని ఆ కంపెనీ 1 జీబీ రకం కొత్తగా తెచ్చింది.

ధర ఎక్కడ దాక్కుంటుంది

పెంపు ఎప్పుడూ ధర చీటీ మీద కనిపించదు. కంపెనీలు ముందు చేసేది ఆఫర్లు కోయడం. బ్యాంకు కార్డు మీద వచ్చే మూడు వేల తగ్గింపు వెయ్యి అవుతుంది, ఎక్స్ఛేంజ్ బోనస్ మాయమవుతుంది, వడ్డీ లేని ఈఎంఐ పన్నెండు నెలల నుంచి ఆరు నెలలకు వస్తుంది. ఫోన్ ధర అదే, చేతినుంచి పోయే డబ్బు ఎక్కువ.

రెండో దారి లోపలి సరుకు తగ్గించడం. అదే పేరు, అదే రంగు, 8 జీబీ బదులు 6 జీబీ. చవక ఫోన్లలో 4 జీబీ ర్యామ్ మళ్లీ మామూలవుతుందని ట్రెండ్‌ఫోర్స్ సంస్థ అంచనా. మూడో దారి ఎక్కువ మెమరీ రకానికి, తక్కువ మెమరీ రకానికి మధ్య తేడాను పెంచడం. 2025 అక్టోబరులో చైనాలో రెడ్‌మీ కె90 విడుదలైనప్పుడు ఇదే గొడవైంది. జనం మండిపడటంతో 512 జీబీ రకం ధరను మొదటి నెలకు 300 యువాన్లు తగ్గించారు. మెమరీ ఖర్చు అనుకున్న దానికన్నా బాగా ఎక్కువైందని షావోమీ అధ్యక్షుడు లూ వైబింగ్ సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వచ్చింది.

ఇక్కడ జాగ్రత్తగా చూడాల్సింది ‘8 ప్లస్ 8 జీబీ’ అనే ప్రచారం. రెండో 8 అసలు ర్యామ్ కాదు, స్టోరేజీలో కొంత చోటును ర్యామ్‌లా వాడుకునే ఏర్పాటు. ఫ్లాష్ వేగం డీర్యామ్ వేగానికి దరిదాపుల్లో ఉండదు. యాప్‌లు వెంటనే మూసుకుపోకుండా అది కొంత సాయపడుతుంది తప్ప అసలైన 16 జీబీ ర్యామ్ చేసే పని చేయదు. కొరత కాలంలో ఇలాంటి అంకెలు పెట్టెల మీద ఇంకా పెద్ద అక్షరాల్లో కనిపిస్తాయి.

కొనాలా, ఆగాలా

కొత్త కర్మాగారాలు వస్తున్నాయి. అమెరికాలోని ఐడహోలో మైక్రాన్ కడుతున్న కర్మాగారం నుంచి తొలి వేఫర్లు 2027లో వస్తాయని కంపెనీ చెబుతోంది. కొరియాలోని ప్యాంగ్‌టెక్‌లో శాంసంగ్ కొత్త లైను 2028లో పనిలోకి దిగాలి. అక్కడ పండే సరుకులో ఏఐకి ఎంత, ఇళ్లకు ఎంత అన్నది ఆనాటి లాభాల లెక్క తేలుస్తుంది. కాబట్టి వచ్చే దీపావళికి తగ్గుతుందిలే అని పనికొచ్చే వస్తువు కొనకుండా ఆపుకోవడంలో అర్థం లేదు. చేతిలో ఉన్నది బాగా నడుస్తుంటే కొత్త మోజు మీద మార్చడంలోనూ అర్థం లేదు.

ఇంజినీరింగ్‌లో చేరే పిల్లలకు ల్యాప్‌టాప్ తీసుకునే తల్లిదండ్రులు దుకాణంలో మొదట అడగాల్సింది ర్యామ్ బోర్డు మీదే అతికించి ఉందా, స్లాటు ఉందా అని. అతికించి ఉంటే తర్వాత పెంచడం కుదరదు కాబట్టి మొదటే 16 జీబీ తీసుకోవాలి. స్లాటు ఖాళీగా ఉంటే ఇప్పుడు 8 జీబీతో మొదలుపెట్టి, ధర దిగాక సీటీసీలో ఇంకో 8 వేయించుకోవచ్చు. అక్కడ ర్యామ్ కొన్నా, వాడేసిన ల్యాప్‌టాప్ కొన్నా జీఎస్టీ బిల్లు, వారంటీ కార్డు అడిగి తీసుకోవాలి. ఖరీదైన కాలంలో నకిలీ స్టిక్కర్ల సరుకు కూడా పెరుగుతుంది. పాత యంత్రం నెమ్మదించిందంటే తప్పనిసరిగా ర్యామ్ లోపమే కావాలనేం లేదు. హార్డ్‌డిస్క్ ఉన్న ల్యాప్‌టాప్‌కు ఎస్ఎస్‌డీ వేయిస్తే చాలాసార్లు కొత్తది కొనే పని తప్పుతుంది.

ఫోన్ విషయంలో, పెట్టె మీది కూడికలు పక్కనపెట్టి అసలు ర్యామ్ ఎంతో చూసుకోవాలి. మెమరీ కార్డు స్లాటు ఉన్న మోడల్‌కు ఇప్పుడు విలువ ఎక్కువ, ఎందుకంటే ఎక్కువ స్టోరేజీ రకానికి అదనంగా కట్టే డబ్బు మిగులుతుంది. కొత్త మోడల్ కోసం ఎదురుచూసేకన్నా పాత ధరకు వచ్చిన నిరుటి మోడల్ స్టాకు ఉందేమో అడగడం మేలు. పాత ఫోన్‌ను తక్కువకు ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయకండి. కొత్తవాటి ధర పెరిగినప్పుడు పాతవాటి ధరా పెరుగుతుంది, అబిడ్స్ జగదీశ్ మార్కెట్లో ఒకసారి విలువ అడిగాకే షోరూమ్ చెప్పిన రేటుకు ఒప్పుకోండి.